రెండు పుష్కరాల మధ్య మెమరీ కార్డు

ధర్మపురి వైపు ఊళ్ళల్లో కాలాన్ని పుష్కరాలతో లెక్కగట్టే అలవాటు ఇంకా పోలేదు. “పెద్దపిల్ల పుష్కరాల ఏడాదే పుట్టింది”, “ఇల్లు పుష్కరాలు అయినంక కట్టినం” అనే మాటలు ఇప్పటికీ వినపడతాయి. మనకు వెర్షన్ నంబర్లు ఎలాగో, వాళ్ళకు పుష్కరాలు అలాగ. అదే కొలత పట్టుకుని ఒక చిన్న వస్తువు చరిత్ర చెబుదామని ఈ ప్రయత్నం. ఆ వస్తువు ఫోన్లో వేసే మెమరీ కార్డు.

2003 గోదావరి పుష్కరాల నాటికి మైక్రోఎస్‌డీ కార్డు పుట్టనే లేదు. అప్పుడు ఫొటోలంటే రీలు కెమెరా, స్టూడియో, ప్రింటు, ఆల్బమ్. 2015 జూలై 14న పుష్కరాలు మళ్ళీ మొదలైనప్పుడు, కొత్త రాష్ట్రం వచ్చాక అవే మొదటివి కాబట్టి ముఖ్యమంత్రి కేసీఆర్ ధర్మపురిలోనే స్నానం చేసి ప్రారంభించాడు. అప్పటికి ఘాట్ల మీద ప్రతి చేతిలో ఒక ఫోను, ఆ ఫోన్లలో చాలావాటిలో గోరంత కార్డు. అంటే ఒక్క పుష్కర కాలంలో ఈ వస్తువు పుట్టి, పెరిగి, ప్రతి ఇంట్లోకి వచ్చేసింది. చిత్రమేమిటంటే మా బంధువుల ఇళ్ళల్లో 2003 నాటి ఆల్బమ్‌లు కాస్త పసుపు రంగుకు తిరిగినా ఇంకా ఉన్నాయి. 2015 ఫొటోలు అడిగితే మాత్రం “కార్డు ఖరాబైంది, పోయినయ్” అంటారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాం అంటే ఊళ్ళో మనం ఫోన్ రిపేరు మనిషి కిందే లెక్క అని మీలో చాలామందికి అనుభవమే కదా. అలా నా చేతికొచ్చిన కార్డులు చూసీ చూసీ నాకు అర్థమైంది ఒకటి. “ఖరాబైంది” అనే ఒక్క మాట వెనక నాలుగైదు వేరువేరు కథలున్నాయి. అందులో నిజంగా కార్డు చచ్చిపోయిన కథలు తక్కువ. ఎక్కువ భాగం ఎక్కడో అమెరికాలోనో జపాన్‌లోనో ఎవరో ఒక లైసెన్సు గురించి, ఒక ఫోల్డరు గురించి, ఒక సిమ్ స్లాట్ గురించి తీసుకున్న నిర్ణయాలు, ఇక్కడ ఒక ఎర్రర్ మెసేజ్‌గా తేలినవి.

ముందు పుట్టుక సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫ్లాష్ మెమరీని కనిపెట్టింది తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువొక. 1984లో ఒక రకం, 1987లో నాండ్ రకం ప్రపంచానికి చూపించాడు. ఒక్క దెబ్బకు బ్లాకు మొత్తం చెరిగిపోతుంటే కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చి ఆయన సహోద్యోగి ఒకాయన ఆ పేరు పెట్టాడంటారు. 1988లో అమెరికాలో శాన్‌డిస్క్ మొదలైంది (అప్పటి పేరు సన్‌డిస్క్). స్థాపకులు ముగ్గురిలో ఒకరు కాన్పూరులో పుట్టిన సంజయ్ మెహరోత్రా. ఆయనే 2017లో మైక్రాన్‌కు సీఈఓ అయ్యాడు, 2019లో మైక్రాన్ హైదరాబాద్‌లో ఆఫీసు తెరిచింది. కాబట్టి ఇది చదివేవాళ్ళలో కొందరు ఈ కార్డుల లోపలి సంగతి నాకంటే బాగా ఎరిగినవాళ్ళే అయ్యుండాలి :-)

1999లో శాన్‌డిస్క్, తోషిబా, పానాసోనిక్ కలిసి ఎస్‌డీ కార్డు ప్రకటించాయి. ఫోన్లకు అది కూడా పెద్దదైపోయిందని 2004లో ట్రాన్స్‌ఫ్లాష్ వచ్చింది, 2005లో దానికే మైక్రోఎస్‌డీ అని పేరు మార్చారు. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 వెడల్పు, 1 మందం. ఆ కొలతలు ఇప్పటికీ మారలేదు. మారిందల్లా లోపల ఎంత పడుతుంది అన్నదే.

ఇది కరీంనగర్ జిల్లా ఊళ్ళకు ఎలా చేరిందో అది వేరే కథ. ధర్మపురి ఇప్పుడు జగిత్యాల జిల్లా అనుకోండి, 2016 అక్టోబరు దాకా కరీంనగరే. ఈ ప్రాంతం నుంచి దుబాయి, సౌదీ, కువైట్, మస్కట్ వలసలు ఎంతోకాలంగా ఉన్నవే. ఒకప్పుడు గల్ఫ్ నుంచి వచ్చినాయన పెట్టెలో టేప్ రికార్డరు ఉండేది, తర్వాత వీసీఆర్, ఆ తర్వాత ఫోను. కాస్త పాటలు పాడే నోకియా ఒకటి తమ్ముడికి, దాంట్లో ఒక జీబీ కార్డు. ఆ కార్డు నిండా అక్కడి గది, గదిలో ఉండే నలుగురు మనుషులు, పని చేసే బిల్డింగు. సెలవు అయిపోయి వెళ్ళేటప్పుడు ఇంకో కార్డు నిండా ఇక్కడి ఫొటోలు, పిల్లల వీడియోలు. ఈడ్జ్ మీద ఒక ఫొటో పంపాలంటే టీ తాగొచ్చేంత సమయం పట్టే రోజులవి. కాబట్టి ఊరికి వచ్చేపోయేవాళ్ళ జేబుల్లో కార్డులు ఉత్తరాల్లాగ తిరిగేవి. స్పీడు తక్కువేమో కానీ బ్యాండ్‌విడ్త్‌కు తిరుగులేదు.

ఇక పాటల సంగతి. ఫోన్ రీచార్జి చేసే ప్రతి కొట్టులో ఒక కంప్యూటరు, దానికి ఒక కార్డు రీడరు. “పాటలు ఎక్కించబడును” అని బయట అట్టముక్క మీద రాసి ఉండేది. పదో ఇరవయ్యో ఇస్తే కార్డు నింపి ఇచ్చేవాళ్ళు. మొదట సినిమా పాటలు, నరసింహస్వామి పాటలు. 2009 తర్వాత వాటితోపాటు ధూంధాం పాటలు. నేను విన్న ఉద్యమ పాటల్లో సగం ఎఫ్‌ఎంలో వినలేదు, టీవీలో చూడలేదు, ఇలా కార్డులోంచి కార్డులోకి పోయినవే. 2009 నవంబరు ఆఖరున ఐఎంఈఐ నంబరు లేని చైనా ఫోన్లకు నెట్‌వర్క్ ఆపేశారు, గుర్తుందా? కేసీఆర్ దీక్షకు కూర్చున్నదీ ఆ రోజుల్లోనే. ఫోన్‌గా పనికిరాకుండా పోయిన ఆ చైనా సెట్లు వెనక పెద్ద స్పీకరుతో, లోపల కార్డుతో పాటలు మాత్రం నిక్షేపంగా పాడేవి. ఉద్యమ చరిత్ర రాసేవాళ్ళు కరపత్రాలూ క్యాసెట్లూ సేకరిస్తారు కానీ, ఆ కొట్ల కంప్యూటర్లలోని ఫోల్డర్లను ఎవరైనా దాచిపెట్టారా అన్నది నా అనుమానం.

అసలు “ఖరాబు” ఇక్కడే మొదలైంది. రోజుకు యాభై కార్డులు పెట్టీ తీసీ చేసే కొట్టులో “సేఫ్లీ రిమూవ్” నొక్కే ఓపిక ఎవరికి ఉంటుంది? కాపీ అయ్యీ అవ్వకముందే లాగేవాళ్ళు. ఇందులో కొట్టు అతని తప్పు కంటే ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ వయసు తప్పు ఎక్కువ. దాన్ని 1977లో మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీరు ఫ్లాపీల కోసం రాశాడు. దాని పద్ధతి అచ్చం మన పహాణీ లాంటిది. కార్డు మొదట్లో ఒక పట్టిక ఉంటుంది, ఏ ఫైలు ఏ ముక్కలో మొదలై ఎటు పోతుందో అందులో రాసి ఉంటుంది. డేటా అంతా వెనకాల పొలాల్లో ఉంటుంది. రాస్తుండగా కార్డు లాగేస్తే పొలానికి ఏమీ కాదు, పహాణీలో ఎంట్రీ సగంలో ఆగిపోతుంది. ఇప్పటి ఫైల్ సిస్టమ్‌లలో ఉండే జర్నలింగ్ దీనికి లేదు. అందుకే ఫోను కార్డును చూసి “పాడైంది, ఫార్మాట్ చేయాలి” అంటుంది. మామూలుగా ఫోన్ కొట్టే ఫార్మాట్ కూడా పహాణీని చింపి కొత్త పుస్తకం పెట్టడమే, పొలం దున్నెయ్యడం కాదు. అందువల్ల ఫార్మాట్ కొట్టిన తర్వాత కూడా ఫొటోలు చాలావరకు అక్కడే ఉంటాయి, వాటి మీద కొత్తవి రాయనంతవరకు. (కొన్ని కొత్త ఫోన్లు ఫార్మాట్‌తో పాటు ఆ జాగాలన్నీ ఖాళీ అయ్యాయని కార్డుకు చెప్పేస్తాయి, అప్పుడు ఆశ తక్కువ.) ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని కార్డులు చెత్తలోకి పోయాయో.

రెండో రకం ఖరాబు దొంగ కార్డు. పహాణీ పోలిక ఇక్కడ ఇంకా బాగా అతుకుతుంది. పుస్తకంలో ముప్పై రెండు ఎకరాలు, భూమి మీద నాలుగు. కార్డు లోపల మెమరీ ఒక్కటే ఉండదు, దాన్ని నడిపే చిన్న కంట్రోలరు కూడా ఉంటుంది. 2013 డిసెంబరులో జర్మనీలోని హాంబర్గ్‌లో జరిగిన హ్యాకర్ల సమావేశంలో బన్నీ హువాంగ్, అతని సహచరుడు కలిసి కొన్ని కార్డుల లోపలున్న ఆ కంట్రోలరులో తమ సొంత ప్రోగ్రాము నడిపించి చూపించారు. పాత 8051 రకం ప్రాసెసరు అది. మనలో ఈసీఈ వాళ్ళు మైక్రోకంట్రోలర్ ల్యాబులో ఎల్‌ఈడీలు వెలిగించింది దాంతోనే కదా! ఆ కంట్రోలరు ఎంత చెబితే ఫోను అంత నమ్ముతుంది. ఫర్మ్‌వేరులో ఒక నంబరు మారిస్తే 4 జీబీ కార్డు 32 జీబీ అని చెబుతుంది. అంతకుముందే, 2010లో, ఇదే హువాంగ్ తను తయారుచేసే పరికరాల్లో వరసగా ఫెయిలవుతున్న కార్డుల మూలం వెతుక్కుంటూ పోయి, అసలూ నకిలీ కార్డులు ఎలా కలిసిపోతాయో వివరంగా రాశాడు.

దొంగ కార్డు మోసం వెంటనే బయటపడదు. మొదటి 4 జీబీ చక్కగా రాస్తుంది. ఆ తర్వాతవి గాల్లోకి పోతాయి, లేదా తిరిగొచ్చి పాతవాటి మీదే పడతాయి. పట్టిక మాత్రం ముందు భాగంలో ఉంటుంది కాబట్టి ఫైళ్ళ పేర్లు, సైజులు అన్నీ కనిపిస్తాయి. తెరిస్తే నల్లగా. పెళ్ళి వీడియో మొదలు బాగుండి తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవడం ఇలాంటిదే. ఈ ఫొటోలను ప్రపంచంలో ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు, ఎందుకంటే అవి ఎప్పుడూ రాయబడలేదు. దీన్ని ముందే పట్టుకోవడం సులువే. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని జర్మన్ పత్రిక వాళ్ళ చిన్న ప్రోగ్రాము ఉంది, లినక్స్‌లో ఎఫ్3 ఉంది. రెండూ కార్డంతా నింపి, తిరిగి చదివి, లెక్క సరిచూస్తాయి. కొత్త కార్డు కొన్న రోజు ఒక రాత్రి దానికి వదిలెయ్యండి. ఫొటోలున్న కార్డు మీద మాత్రం దీన్ని నడపకండి.

అసలు పాడైపోవడం కూడా ఉంటుంది, కాదనను. ఫ్లాష్ అంటే బంధించిన ఎలక్ట్రాన్లు. చెరిపి రాసిన ప్రతిసారీ ఆ గది గోడలు కాస్త అరుగుతాయి. సెల్లుకు ఒక బిట్టు దాచే పాత రకాలు లక్ష సార్లు తట్టుకునేవి, మూడు బిట్లు కుక్కే రకాలు వెయ్యి, రెండు వేల దగ్గరే అలిసిపోతాయి. అలిసిపోయిన కార్డుల్లో కొన్ని ఇక రాయనివ్వవు, చదవనిస్తాయి. ఫొటో డిలీట్ చేస్తే పోయినట్టే పోయి, ఫోను ఆపి వేస్తే మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. దెయ్యం కాదు, అది కార్డు చివరి మర్యాద. వెంటనే కాపీ చేసుకోమని అర్థం. ఎండకాలం 45 డిగ్రీలు దాటే మా దిక్కు రేకుల ఇళ్ళల్లో, పెట్టెల్లో ఏళ్ళ తరబడి పడున్న కార్డులకు ఇంకో బాధ. వేడికి ఆ ఎలక్ట్రాన్లు ఇంకా తొందరగా జారిపోతాయి.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే రకానికి వస్తాను. 32 జీబీ దాకా కార్డులు ఫ్యాట్32తో వస్తాయి. 2009లో ప్రకటించిన ఎస్‌డీఎక్స్‌సీ ప్రమాణంలో, అంటే 64 జీబీ నుంచి పైవాటికి, ఎక్స్‌ఫ్యాట్ అనే మైక్రోసాఫ్ట్ ఫైల్ సిస్టమ్‌ను తప్పనిసరి చేశారు. దానికి పేటెంట్లు, లైసెన్సు ఫీజు. ఫ్యాట్ పేటెంట్ల మీద మైక్రోసాఫ్ట్ 2009 ఫిబ్రవరిలో టామ్‌టామ్ అనే నావిగేషన్ కంపెనీ మీద దావా వేసింది, వచ్చే నెలకల్లా వాళ్ళు రాజీపడ్డారు. మిగతావాళ్ళకు సందేశం చేరిపోయింది. ఖరీదైన ఫోన్ల కంపెనీలు ఫీజు కట్టాయి. చవక ఫోన్లలో చాలావాటిలో ఎక్స్‌ఫ్యాట్ లేదు.

దీని ఫలితం ఎలా ఉంటుందంటే, కొడుకు సౌదీ నుంచి 64 జీబీ కార్డు నిండా ఫొటోలతో పంపుతాడు. అతని ఫోను పెద్ద కంపెనీది, బాగానే చదువుతుంది. ఇక్కడ అమ్మ ఫోను నాలుగు వేలది. అందులో వేస్తే “ఎస్‌డీ కార్డు ఖాళీగా ఉంది, లేదా దీని ఫైల్ సిస్టమ్ తెలియదు, ఫార్మాట్ చేయాలా?” అని ఇంగ్లీషులో అడుగుతుంది. ఆ “ఖాళీగా ఉంది లేదా” చూడండి. నాకు చదవడం రాదు అని చెప్పడానికి ఇష్టపడని మనిషి, పుస్తకంలో ఏమీ లేదని చెప్పినట్టు! అమ్మ ఓకే నొక్కుతుంది. ఇంకేం నొక్కుతుంది, స్క్రీన్ మీద ఉన్నదే అది. కార్డు మంచిదే, ఫొటోలూ మంచివే, ఫోనూ మంచిదే. మధ్యలో ఒక లైసెన్సు.

2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఫ్యాట్ వివరాలన్నీ బయటపెట్టింది, లినక్స్‌లోకి రావడానికి ఒప్పుకుంది. ఆ నవంబరులో లినక్స్ 5.4లో మొదటిసారి, 2020లో 5.7లో శాంసంగ్ రాసిన మెరుగైన డ్రైవరు వచ్చాయి. అంటే ప్రమాణం వచ్చిన పదేళ్ళకు. ఈలోపు తెలిసినవాళ్ళు 64 జీబీ కార్డును కంప్యూటరులో ఫ్యాట్32గా ఫార్మాట్ కొట్టి చవక ఫోన్లలో వాడుకున్నారు, అది పనిచేస్తుంది కూడా, ఒక్కో ఫైలు 4 జీబీ దాటనంతవరకు. కానీ విండోస్ ఫార్మాట్ కిటికీ 32 జీబీ మించితే ఫ్యాట్32 ఇవ్వదు. ఆ హద్దు ఫైల్ సిస్టమ్‌ది కాదు. తొంభైల్లో ఆ కిటికీ రాసిన డేవ్ ప్లమర్ ఆ అంకె ఆ పూట తనకు తోచి పెట్టుకున్నదే అని తర్వాత చెప్పుకున్నాడు. మనం కూడా రోజూ కోడ్‌లో ఏదో ఒక కాన్‌స్టెంట్ పెట్టి “తర్వాత చూద్దాంలే” అంటూనే ఉంటాం కదా...

“గీ ఫోన్ల ముప్పై రెండు జీబీ కార్డేసిన కొడుకా, మల్ల జాగ లేదంటది ఏంది?” ఇది మా చిన్నమ్మ ప్రశ్న. ఒక్క చిన్నమ్మదే కాదు, ఆండ్రాయిడ్ ఉన్న ప్రతి ఊరిదీ. జవాబు చెప్పాలంటే 2008 దాకా పోవాలి.

మొదటి ఆండ్రాయిడ్ ఫోను జీ1 2008 అక్టోబరులో వచ్చింది. యాప్‌లకు మిగిలే జాగా 70 ఎంబీ అటూఇటూ. ఫొటోలూ పాటలూ అన్నీ డబ్బాలో ఇచ్చిన 1 జీబీ కార్డు మీదే. ఆ కార్డుకు ఆండ్రాయిడ్ పెట్టిన దారి పేరు “ఎస్‌డీకార్డ్”. యాప్‌లు రాసినవాళ్ళంతా ఆ పేరే నమ్ముకున్నారు. 2010లో ఫ్రోయో వెర్షన్ యాప్‌లను కూడా కార్డు మీదికి జరపనిచ్చింది. 2011 అక్టోబరులో ఢిల్లీలో విడుదల చేసిన ఆకాశ్ టాబ్లెట్‌లో ఉన్నది ఈ ఫ్రోయోనే. 256 ఎంబీ ర్యామ్, 2 జీబీ స్టోరేజి, 32 జీబీ దాకా కార్డు. మన హైదరాబాద్‌లోనే జోడించారు దాన్ని. విద్యార్థి చేతిలో చవక టాబ్లెట్ అంటే, పాఠాలన్నీ కార్డు మీదే ఉండాలి, వేరే దారి లేదు. గూగుల్ ఆలోచన అప్పటికే వేరే దిక్కుకు తిరిగింది.

2011 తర్వాతి వెర్షన్లలో ఫోన్ లోపలి మెమరీలోనే ఒక భాగాన్ని “ఎస్‌డీకార్డ్” అని పిలవడం మొదలైంది. అసలు కార్డు వేసే ఫోన్లలో దానికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. అంటే పాత యాప్ “నేను కార్డు మీద రాస్తున్నా” అనుకుంటూ లోపలి మెమరీ నింపేది. ఇప్పటికీ కార్డు స్లాటే లేని ఫోన్లలో కూడా ఆ “ఎస్‌డీకార్డ్” దారి ఉంటుంది, ఏడీబీ షెల్‌లో చూడండి. ఇల్లు అమ్మేసినా గేటు మీద పాత యజమాని పేరు ఉన్నట్టు. వాట్సాప్ ఫొటోలు, వీడియోలు వెళ్ళేది ఆ లోపలి దానికే, నిజమైన కార్డు వైపు తొంగికూడా చూడదు. పొద్దున్నే వచ్చే శుభోదయం వీడియోలన్నీ అక్కడే పేరుకుంటాయి. చిన్నమ్మ 32 జీబీ కార్డు ఖాళీగా పక్కన కూర్చుని చూస్తుంటుంది. ఆ వీడియోలను అప్పుడప్పుడు చేత్తో కార్డులోకి జరపడం తప్ప దీనికి మందు లేదు.

2013 అక్టోబరులో కిట్‌క్యాట్ ఇంకో మెట్టు ఎక్కింది. మామూలు యాప్ ఏదైనా కార్డు మీద తన సొంత ఫోల్డరులో తప్ప ఎక్కడా రాయకూడదు అంది. భద్రత దృష్టితో చూస్తే తప్పు కాదు, ఫ్యాట్‌లో అనుమతులనే మాటే లేదు కాబట్టి ఒక యాప్ ఇంకోదాని ఫైళ్ళు చదివేసేది. కానీ ఆ సొంత ఫోల్డరుకు ఒక షరతుంది. యాప్ తీసేస్తే ఫోల్డరూ పోతుంది. కార్డులో ఉన్నాయి కదా అన్న ధైర్యంతో కెమెరా యాప్ ఒకటి తీసేస్తే, దాంతోపాటు ఫొటోలూ పోయినవాళ్ళు ఉన్నారు. 2014లో లాలీపాప్‌లో కొంత వెనక్కి తగ్గి, మనిషి చేత అనుమతి ఇప్పించుకుని రాసే పద్ధతి పెట్టారు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ ఫోల్డరు ఎంచుకునే స్క్రీను చూపించి “ఇక్కడ నొక్కు” అని ఫోన్లో వివరించి చూడండి, మీ ఓపిక ఎంతో తెలుస్తుంది.

పుష్కరాలు అయిన మూడు నెలలకు, 2015 అక్టోబరులో, మార్ష్‌మెల్లో వచ్చింది. నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ ఫొటోలు మింగింది ఇదే. కార్డు వేయగానే “పోర్టబుల్ స్టోరేజా, ఇంటర్నల్ స్టోరేజా?” అని అడుగుతుంది. జాగ లేక అల్లాడుతున్న మనిషి ఇంటర్నల్ అనే అంటాడు కదా. అప్పుడు ఫోను కార్డంతా చెరిపి, ఎన్‌క్రిప్ట్ చేసి, తనలో కలిపేసుకుంటుంది. తాళంచెవి ఫోన్ లోపలే ఉంటుంది. ఇంజనీరింగ్ పరంగా చక్కటి పని, పోయిన కార్డు దొంగ చేతిలో పడినా ఏమీ చదవలేడు. కానీ ఊళ్ళో చాలామంది కార్డును అర్థం చేసుకున్నది సరిగ్గా దీనికి తలకిందులుగా. ఫోను ఇవాళ ఉంటది, రేపు పగులుతది, కార్డు తీసి ఇంకోదాంట్లో వేసుకోవచ్చు అనే భరోసా మీదే కదా ఇన్నేళ్ళూ దాన్ని వాడింది. గల్ఫ్ నుంచి చేతులు మారుతూ వచ్చింది ఆ భరోసా మీదే. ఫోను నీళ్ళలో పడింది, కార్డు తీసి కొత్త ఫోన్లో వేశారు, “పాడైంది, ఫార్మాట్ చేయాలా?” ఈసారి పొలం కూడా లేదు, తాళంచెవి నీళ్ళలో పోయింది. ఫోను చచ్చిపోతే గానీ, ఫ్యాక్టరీ రీసెట్ కొడితే గానీ ఆ కార్డును ఎవరూ చదవలేరు. శాంసంగ్ లాంటి కొన్ని కంపెనీలు ఈ సదుపాయాన్ని తమ ఫోన్లలో పెట్టకుండా వదిలేశాయి, నా ఉద్దేశంలో మంచిపనే చేశాయి. మీ ఇంట్లోవాళ్ళ ఫోన్లో కార్డు ఇంటర్నల్‌గా ఉంటే, ఫోను బతికుండగానే ఫొటోలు బయటికి తీయండి. సెట్టింగుల్లో స్టోరేజిలోకి పోతే రెండూ కలిపి చూపిస్తుందో, కార్డును వేరుగా చూపిస్తుందో చూస్తే తెలిసిపోతుంది.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక పాటలు ఎక్కించే కొట్లు ఒక్కొక్కటే రీచార్జి కొట్లుగా, ఆ తర్వాత స్క్రీన్‌గార్డు కొట్లుగా మారిపోయాయి. అదే సమయానికి హైబ్రిడ్ స్లాట్ అనే ఇంకో పొదుపు వచ్చింది. ఒక సిమ్, దాని పక్కన రెండో సిమ్ లేదా మెమరీ కార్డు, ఏదో ఒకటే. డిజైన్ చేసినవాళ్ళకు రెండో సిమ్ ఒక విలాసం. సెలవు మీద ఊరికొచ్చిన మనిషికి కాదు. అక్కడి సిమ్ తీస్తే కంపెనీ ఫోను అందదు, అక్కడి బ్యాంకు మెసేజీ రాదు. ఇక్కడి సిమ్ తీస్తే ఓటీపీ రాదు. కాబట్టి బయటికి వచ్చేది ఎప్పుడూ కార్డే. ఆ కార్డు పర్సులోనో, పాత ఫోన్ డబ్బాలోనో, దేవుడి పటం వెనకో పడుంటుంది. పెద్ద ఫోన్లలో ఆ స్లాటే మాయమైంది. శాంసంగ్ 2015లో ఎస్6తో తీసేసి, గొడవ చూసి 2016లో తిరిగి పెట్టి, 2021లో ఎస్21తో ఆ వరసలో ఇక తీసేసింది.

2015 తర్వాతి పుష్కరాలు 2027లో. ఇళ్ళల్లో అలా పడున్న కార్డులు మీ చేతికి వస్తే చేయాల్సింది ఇది. ముందుగా ఫోన్లో వేయకండి, ఫోను చూడగానే దాని మీద ఏదో ఒకటి రాస్తుంది. పెద్ద సైజు అడాప్టరులో పెట్టి, పక్కనున్న తాళం మీట కిందికి జరపండి. ఆ మీట కార్డుకు తెలియదు, రీడరు చూసి మర్యాద పాటించాలంతే, చాలా రీడర్లు పాటిస్తాయి. కాంటాక్టులు నల్లబడి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిస్తే చాలు, “ఊరికే డిస్‌కనెక్ట్ అవుతుంది” అనే ఫిర్యాదుల్లో కొన్ని అక్కడే తీరిపోతాయి. తర్వాత లినక్స్‌లో డీడీరెస్క్యూతో కార్డు మొత్తం ఒక ఇమేజ్ ఫైలుగా దించుకోండి. ఇక చేసే ప్రయోగాలన్నీ ఆ ఇమేజ్ మీదే, కార్డును పక్కన పెట్టేయండి. విండోస్ “స్కాన్ అండ్ ఫిక్స్” అంటే ఒప్పుకోకండి, అది కార్డు మీదే దిద్దుబాట్లు రాస్తుంది. ఆ ఇమేజ్ మీద టెస్ట్‌డిస్క్ నడిపితే పహాణీని తిరిగి రాయగలదేమో చూస్తుంది. అది కుదరకపోతే అదే క్రిస్టాఫ్ గ్రెనియే రాసిన ఫొటోరెక్ ఉంది. రెండూ ఉచితమే. ఫొటోరెక్ పహాణీ జోలికే పోదు, పొలం వెంబడి నడుస్తూ “ఇది జేపెగ్ మొలకలా ఉందే” అని గుర్తుపట్టి ఏరుకొస్తుంది.

అలా ఏరుకొచ్చిన వాటికి పేర్లుండవు, ఎఫ్ పక్కన ఏడెనిమిది అంకెలు ఉంటాయంతే. ఎప్పుడో తుడిచేసిన ఫొటోలు, పాటల ఆల్బమ్ బొమ్మలు కూడా కలిసి వేలల్లో వస్తాయి. ఫొటో లోపల రాసి ఉన్న తేదీని బట్టి ఫోల్డర్లు చేయొచ్చు, పది లైన్ల పైథాన్ పని. కాకపోతే బ్యాటరీ తీసి వేసినప్పుడల్లా గడియారం మొదటికి వచ్చే ఫోన్లు చాలా ఉండేవి. ఇక పట్టిక బతికి ఉన్న కార్డులో ఫైలు తేదీ చూద్దామంటే, ఫ్యాట్ లెక్కలో కాలమే 1980 జనవరి 1న మొదలవుతుంది, తేదీ తెలియని ఫైలుకు అదే పడుతుంది. ఆ మధ్య ఒక కార్డులోంచి తీసిన ఫొటోల్లో కొత్త స్టీలు బారికేడ్లు, పుష్కరాల ఫ్లెక్సీలు, ఫోను ఎత్తిపట్టుకున్న జనం, తడిబట్టలతో ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు. తేదీ 1980 అని ఉంది. అవి 2015వేనని ఫ్లెక్సీ చూసి నాకు తెలిసింది. ఆ ముగ్గురు ఎవరన్నది చిన్నమ్మ చెప్పాల్సి వచ్చింది.